అమెరికా అంతర్యుద్ధ రీఎనాక్ట్‌మెంట్: బూట్లతో మొదలుపెట్టి తుపాకీ దాకా, కొత్తవారికి సమగ్ర మార్గదర్శి

జులై ఎండలో ఉన్ని కోటు తొడుక్కుని, తొమ్మిది పౌండ్ల తుపాకీ భుజాన వేసుకుని, మైదానంలో వరసకట్టి నడిచేవాళ్లను అమెరికాలో ఉండే తెలుగువాళ్లు చాలామంది చూసే ఉంటారు. వర్జీనియాలో మనాసస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్నవాళ్లకైతే ఇది ఇంటి పక్క సంగతే. వెళ్తాం, ఫొటోలు తీసుకుంటాం, పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టి వచ్చేస్తాం. అలా కాకుండా తాడుకు అటువైపు నిలబడాలని అనిపించినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

1861 నుంచి 1865 దాకా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధాన్ని, ఆనాటి మనుషుల బతుకును ఇప్పుడు మళ్లీ చేసి చూపించడమే ఈ హాబీ. దీన్ని నాటకం అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. మన పద్యనాటకంలో కృష్ణుడి కిరీటం ఎంత మెరిస్తే అంత బాగుంటుంది. ఇక్కడ మెరిసేదేదీ పనికిరాదు. ఆనాటి కోటుకు నాలుగు బొత్తాలుంటే నాలుగే ఉండాలి, గుడ్డ ఉన్నిదైతే ఉన్నిదే వేసుకోవాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. శని, ఆదివారాలు కలిపి చూసినా యుద్ధం ఆడేది రెండు మూడు గంటలకు మించదు. మిగతా సమయమంతా పొయ్యి రాజేయడం, నీళ్లు మోయడం, డ్రిల్, బట్టలు కుట్టుకోవడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం. తుపాకీ పేల్చడం కోసమే వచ్చినవాళ్లు ఒక సీజన్ తర్వాత కనిపించరు. క్యాంపు జీవితం నచ్చినవాళ్లు ఇరవై ఏళ్లయినా వస్తూనే ఉంటారు. అందుకే ఈ మార్గదర్శిలో తుపాకీ ఆలస్యంగా వస్తుంది.

ఎవరిగా ఉండాలో తేల్చుకోవడం

రీఎనాక్టర్లు దీన్ని ‘ఇంప్రెషన్’ అంటారు. మీరు ధరించే మనిషి, అతని పని, ఊరు, సంవత్సరం, అన్నీ కలిపి ఇంప్రెషన్. ‘అంతర్యుద్ధ సైనికుడు’ అంటే చాలదు. 1863 వేసవిలో ఉత్తరాది సైన్యంలోని ఒక మామూలు పదాతి సైనికుడు అనండి, అప్పుడు ఏం కొనాలో, ఏం చదవాలో తేలుతుంది. కొత్తవాళ్లు ఆఫీసరుగా, గూఢచారిగా, గురి తప్పని షార్ప్‌షూటర్‌గా మొదలుపెట్టాలనుకుంటారు. వద్దు. ఆ యుద్ధంలో కోట్లాది అడుగులు వేసింది సామాన్య సిపాయి. అతన్ని బాగా చేయగలిగితే మిగతావి వాటంతట అవే వస్తాయి.

మన రంగు, మన ముఖం అక్కడ నప్పుతాయా అన్న సందేహం చాలామందికి వస్తుంది. చైనాలో పుట్టిన జోసెఫ్ పియర్స్ 14వ కనెటికట్ రెజిమెంటులో చేరి, 1863లో పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ యుద్ధంలో పోరాడి, కార్పొరల్ అయ్యాడు. పార్కులను, పాత యుద్ధభూములను చూసుకునే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ ఆ యుద్ధంలో పాల్గొన్న ఆసియా వాళ్ల మీద ఒక పుస్తకమే తెచ్చింది. ఉత్తరాది నౌకాదళంలో రకరకాల దేశాల మనుషులు పనిచేశారు. కాబట్టి దారి ఉంది. చాలా యూనిట్లు, అంటే రీఎనాక్టర్ల బృందాలు, మీ పూర్వీకుల గురించి అడగవు కూడా. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. ఉత్తరాది సైన్యంలో సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారు. వాళ్ల కథను వాళ్ల వారసులు, ఆ యూనిట్లు మోస్తున్నారు. వాళ్లు పిలిస్తే వెళ్లి సాయం చేయండి, ఒంటి రంగు కలిసింది కదా అని ఆ పాత్రను సొంతం చేసుకోకండి.

ఉత్తరాదా, దక్షిణాదా అనేది కూడా మొదట్లోనే వచ్చే ప్రశ్న. ఒక పక్క మనుషులు తక్కువైతే సర్దడానికి చాలా యూనిట్లు ఉత్తరాది నీలం, దక్షిణాది బూడిద రంగు బట్టలు రెండూ పెట్టుకుంటాయి. కొత్తవాళ్లకు ఉత్తరాది వైపే నా సలహా. బట్టలు ఒకే రకంగా ఉంటాయి, ఆధారాలు ఎక్కువ, ఒక సెట్టుతో దేశంలో ఎక్కడికైనా వెళ్లవచ్చు. పైగా దక్షిణాది జెండా కింద నిలబడటం ఎందుకో ఇంట్లోవాళ్లకు వివరించే టెన్షన్ ఉండదు.

యూనిట్ వెతకడం

ఒంటరిగా చేసే హాబీ కాదిది. తుపాకీ తనిఖీ, ఇన్సూరెన్స్, కార్యక్రమాల్లో పేరు నమోదు, అన్నీ యూనిట్ ద్వారానే జరుగుతాయి. ఏదైనా కార్యక్రమానికి ప్రేక్షకుడిగా వెళ్లి క్యాంపులన్నీ తిరగడమే యూనిట్‌ను వెతుక్కునే మంచి పద్ధతి. వర్జీనియాలో మిడిల్‌టౌన్ దగ్గర సీడార్ క్రీక్‌లో ఏటా అక్టోబరులో జరుగుతుంది. 1864 అక్టోబరు 19న అక్కడ అసలు యుద్ధం జరిగింది. ఫ్లోరిడాలో ఒలస్టీ ఫిబ్రవరిలో ఉంటుంది. నేషనల్ పార్క్ సర్వీస్ భూముల్లో మాత్రం రెండు పక్షాలు ఎదురెదురుగా కాల్చుకునే ఉత్తుత్తి యుద్ధం కుదరదు. 1961లో మనాసస్‌లో అక్కడి మొదటి యుద్ధం శతజయంతికి అసలు యుద్ధభూమి మీదే పెద్ద ఎత్తున ఆడారు. ఆ తర్వాత ఆ సంస్థ అలాంటివి వద్దనుకుంది. ఆ పార్కుల్లో డ్రిల్ చూపించడం, క్యాంపు జీవితం చూపించడం ఉంటాయి. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి నిజానికి అవే మంచివి.

యూనిట్లు స్థూలంగా రెండు రకాలు. ‘మెయిన్‌స్ట్రీమ్’ వాళ్లు పెద్ద డేరా, మంచం, ఐస్ పెట్టెను గోనెసంచి కింద దాచుకోవడం, ఇలా కాస్త సౌకర్యంగా ఉంటారు. పిల్లాపాపలతో వెళ్లాలంటే వీళ్లే నయం. ‘కాంపెయినర్లు’ వీపు మీద మోయగలిగినంతే తెచ్చుకుంటారు, దుప్పటి కప్పుకుని నేల మీద పడుకుంటారు, బొత్తం కాజాకు చేతికుట్టు ఉందా లేదా అని చూస్తారు. రెండు పక్షాలూ ఒకరినొకరు వెక్కిరించుకుంటాయి. ఆ గొడవలో మీరు వేలు పెట్టనక్కరలేదు. రెండు చోట్లా కొన్నాళ్లు తిరిగి, ఎవరితో నవ్వు కలిస్తే వాళ్లతో ఉండండి.

కలిసినప్పుడు నేరుగా అడగాల్సినవి ఉన్నాయి. సంవత్సరానికి ఎన్ని కార్యక్రమాలకు వెళ్తారు? కొత్తవాళ్లకు ఇవ్వడానికి అదనపు బట్టలు, తుపాకీ ఉన్నాయా? ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? పిల్లల వయసు నియమం ఏమిటి? చాలా చోట్ల పదహారేళ్లు నిండనిదే తుపాకీ పట్టనివ్వరు, చిన్నవాళ్లకు డప్పు వాయించే పనో నీళ్లు మోసే పనో ఇస్తారు. క్యాంపులో రాజకీయాల మాటలు ఎలా ఉంటాయో మాత్రం అడిగి తెలుసుకోలేరు. ఒక పూట కూర్చుంటే మీకే అర్థమవుతుంది. నచ్చకపోతే లేచి ఇంకో యూనిట్ చూసుకోండి.

అప్పు తెచ్చుకోవడం, తర్వాత కొనడం

మొదటి సీజన్ అంతా అప్పు బట్టలతో గడపండి. యూనిట్ ఏదైనా సరే, ఎవరి ఇంట్లోనో ఒక ట్రంకు పెట్టె నిండా కొత్తవాళ్ల కోసం దాచిన సామాను ఉంటుంది. కొత్తవాళ్లను ‘ఫ్రెష్ ఫిష్’ అని ఏడిపిస్తారు, కానీ తలా ఒక వస్తువు తెచ్చి మిమ్మల్ని తయారుచేసేదీ వాళ్లే.

కొనేటప్పుడు వరస ముఖ్యం.

మొదట బూట్లు. అప్పు బూట్లు కాలికి సరిపోవు, పుండ్లు పడితే రెండో రోజు నడవలేరు. ఆనాటి సైనికుల తోలు బూట్లను ‘బ్రోగన్స్’ అంటారు. తోలు అట్ట, చెక్క మేకులతోనో కుట్టుతోనో బిగించిన అడుగు, మడమకు ఇనుప లాడం. తారురోడ్డు మీద, తడిగడ్డి మీద జారుతాయి, కాబట్టి ఇంట్లోనే వేసుకుని అలవాటు చేసుకోండి. ఉన్ని మేజోళ్లతో కాలు కొలత తీసుకోండి. మంచివి సుమారు 150 నుంచి 250 డాలర్లు పడతాయి. ఇక్కడ కక్కుర్తి పడితే ఏడాది తిరిగేలోపు మళ్లీ కొంటారు.

తర్వాత ఒంటికి తగిలే బట్టలు: చొక్కా, లోపలి డ్రాయరు. ఆ తర్వాత లేత నీలం ఉన్ని ప్యాంటు, ముదురు నీలం నాలుగు బొత్తాల కోటు, టోపీ. ఉన్ని మీద పట్టుదల దేనికంటే, చూడ్డానికి మాత్రమే కాదు. నిప్పురవ్వ పడితే ఉన్ని మెల్లగా మాడి ఆరిపోతుంది, పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, మందుగుండు దగ్గర తిరిగే హాబీలో ఆ తేడా చాలా పెద్దది. ఎండలో ఉన్ని చంపేస్తుందని అందరూ అనుకుంటారు. చెమటకు తడిశాక గాలి తగిలితే అనుకున్నంత ఇబ్బంది ఉండదు. కానీ జులైలో గెటిస్‌బర్గ్ వైపు వెళ్తే మాత్రం సుఖంగా ఉంటుందని నేను చెప్పను.

మూడో విడతలో తోలు సామాను: నడుముకు బెల్టు, నలభై తూటాలు పట్టే పెట్టె, తుపాకీ పేల్చడానికి వాడే పెర్కషన్ క్యాపుల చిన్న సంచి, తుపాకీ కొసకు తగిలించే బయొనెట్ కత్తికి ఒర. వాటితోపాటు నీళ్ల సీసా, తిండి పెట్టుకునే భుజం సంచి, తగరపు కప్పు, ఉన్ని దుప్పటి.

వీటిని అమ్మే వ్యాపారులను ‘సట్లర్లు’ అంటారు. పెద్ద కార్యక్రమాల్లో వాళ్ల డేరాలు ఒక బజారులా వరసగా ఉంటాయి. మొదటిరోజే పర్సు తీయకండి. అక్కడ అమ్మేవాటిలో సగం సినిమా చూసి కుట్టినట్టుంటాయి. ఏం కొనాలన్నా యూనిట్‌లో పాతవాళ్లను ఒకరిని వెంట పెట్టుకుని వెళ్లండి. హాబీ మానేసేవాళ్ల దగ్గర సెకండ్‌హ్యాండ్ సామాను తరచుగా దొరుకుతుంది, అరిగిన బట్ట కొత్తదానికంటే నిజంగా కనిపిస్తుంది కూడా. తుపాకీతో సహా పదాతి సైనికుడి పూర్తి సామాను రెండు వేల డాలర్లు దాటడం మామూలే. ఏడాదిన్నర మీద సర్దుకుంటే ఇంట్లో గొడవ ఉండదు.

కళ్లజోడు గురించి ఒక్కమాట. మనలో సగం మందికి ఉంటుంది. సన్నటి తీగ ఫ్రేముల నకళ్లు దొరుకుతాయి, వాటిలో మీ పవర్ అద్దాలు వేయించుకోవచ్చు. స్మార్ట్ వాచీ, ఫిట్‌బిట్, చేతికి కట్టిన దారం, ఇవి తీసేయాలి. గడ్డం మీసం ఉన్నవాళ్లు మాత్రం ధీమాగా ఉండవచ్చు, 1860లలో అవి మంచి ఫ్యాషన్.

తుపాకీ, చట్టం

ఎక్కువగా వాడేవి రెండు: 1861 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్, 1853 నమూనా బ్రిటిష్ ఎన్‌ఫీల్డ్. ఇటలీలో తయారయ్యే వీటి నకళ్లు కొత్తవైతే వెయ్యి డాలర్లు దాటుతాయి. గొట్టం ముందునుంచి తుపాకీమందు (బ్లాక్ పౌడర్) పోసి, వెనక చిన్న రాగి క్యాపు పెట్టి పేల్చాలి. ఎన్‌ఫీల్డ్ పేరు వింటే మనవాళ్లకు 1857 గుర్తొస్తుంది. ఆనాడు కొవ్వు పూసిన తూటాల గొడవ మొదలైంది ఆ తుపాకీతోనే.

వీసా మీద ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. హెచ్1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఆయుధం కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నిషేధం. ఇలా క్యాపుతో పేలే, బ్లాక్ పౌడర్ వాడే పాత తరహా తుపాకులు, వాటి నకళ్లు ఆ చట్టంలోని ఆయుధం నిర్వచనం కిందికి రావు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. న్యూజెర్సీ లాంటి చోట్ల నియమాలు బాగా కఠినం. యూనిట్‌లో ఎవరో ‘ఏం పర్వాలేదు’ అన్నారని నమ్మకండి, వాళ్లకు ఇమిగ్రేషన్ సంగతి తెలియదు. లాయరును అడిగి తేల్చుకునేవరకు తుపాకీ లేని ఇంప్రెషన్ చేయండి. స్ట్రెచర్ మోసేవాడు, వంటవాడు, గుమాస్తా, ఇలా బోలెడు ఉన్నాయి. ఆ యుద్ధంలో చనిపోయినవారిలో మూడింట రెండు వంతుల మందిని చంపింది తూటా కాదు, జబ్బులు. ఆసుపత్రి డేరా దగ్గర పనికి కొరత ఉండదు.

డ్రిల్, భద్రత

పుస్తకం చదివి డ్రిల్ రాదు, కానీ చదివి వెళ్తే త్వరగా వస్తుంది. ఆనాటి సైన్యం వాడిన హార్డీ (1855), కేసీ (1862) మాన్యువల్స్ ఉచితంగా దొరుకుతాయి. అడుగు 28 అంగుళాలు, మామూలు నడక నిమిషానికి 90 అడుగులు, వేగం నడక 110. ఇంటి వెనక చీపురుకర్ర పట్టుకుని నడిచి చూడండి. పక్కింటివాళ్లు చూస్తే చూడనీయండి. రెండు వరసల్లో నిలబడటం, ఒకటి-రెండు అని లెక్క చెప్పుకోవడం, కుడికి తిరగగానే నలుగురేసి అయిపోవడం. ఈ మూడు వస్తే మొదటి రోజు తప్పిపోరు. మీ నంబరు ఒకటా రెండా అన్నది మాత్రం మర్చిపోకండి. ఒక్కడు మర్చిపోతే వరసంతా చెదిరి సార్జెంటు నోటికి పని దొరుకుతుంది.

భద్రత నియమాలు కార్యక్రమాన్ని బట్టి కాస్త మారతాయి. ఎక్కడికి వెళ్లినా తప్పనివి ఇవి. తూటాలో గుండు ఉండకూడదు, కాగితం గొట్టంలో కుక్కకూడదు, తుపాకీమందు ఒక్కటే పోయాలి. మందు కొలత యూనిట్ చెప్పినంతే, అంతకు మించకూడదు. గొట్టంలోకి మందు కుక్కే ఇనుప కడ్డీని, రామ్‌రాడ్‌ను, మైదానంలో అసలు బయటికి తీయకూడదు. దాన్ని గొట్టంలో మర్చిపోయి కాలిస్తే అది బాణంలా వెళ్తుంది. అందుకే యుద్ధానికి ముందు ప్రతి గొట్టాన్నీ తనిఖీ చేస్తారు. ఎదుటివాళ్లు దగ్గరికి వస్తే గొట్టాన్ని వాళ్ల తలలపైకి ఎత్తి కాల్చాలి. గుండు లేకపోయినా నిప్పు, కాలని మందు రవ్వలు ముఖాన్ని కాల్చగలవు. ఫిరంగి ముందుకు, పక్కకు ఏ కారణంగానూ వెళ్లవద్దు. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవాలి, ఇది మాత్రం ఆధునికమైనా ఎవరూ ఏమీ అనరు. వెనక వరసవాడి తుపాకీ ముందువాడి చెవి పక్కనే పేలుతుంది మరి.

తుపాకీ పేలకపోతే కంగారు పడవద్దు. గొట్టం పైకి పెట్టి ఆగండి, ఇంకో క్యాపు పెట్టి చూడండి, అప్పటికీ పేలకపోతే వరస వెనక్కి వచ్చి సార్జెంటుకు చెప్పండి. పేలని మందు మీద కొత్త మందు పోయకూడదు.

ఇక చావడం. ఎప్పుడు పడాలన్నది కొన్నిసార్లు ముందే చెబుతారు, ‘జనవరి నుంచి మార్చిలో పుట్టినవాళ్లు మొదటి దెబ్బకు’ అన్నట్టు. చెప్పకపోతే మీ ఇష్టం. పడే ముందు చోటు చూసుకోండి: రాయి, గుర్రాల దారి, ఒంటికి తగిలితే దురద పుట్టించే పాయిజన్ ఐవీ తీగ లేకుండా ఉండాలి. నీళ్ల సీసా మీద పడితే పక్కటెముకలు చెబుతాయి. అనుభవం ఉన్నవాళ్లు చెట్టునీడ చూసుకుని వీరమరణం పొందుతారు. పడ్డాక కదలకండి, లేచి ఫోన్ తీయకండి. మీకు గానీ పక్కవాడికి గానీ నిజంగా ఒంట్లో బాగాలేకపోతే ఏ మాట అరవాలో ఉదయం సమావేశంలోనే చెబుతారు. అది గుర్తుంచుకోండి. ఎండదెబ్బకు పడిపోయినవాణ్ణి జనం నటన అనుకునే ప్రమాదం ఇక్కడ నిజంగా ఉంది.

క్యాంపు, తిండి

శాకాహారులకు మంచి కబురు. ఉత్తరాది సైన్యం అధికారిక రేషన్‌లో బియ్యం ఉంది! వంద రేషన్లకు (ఒక రేషన్ అంటే ఒక సైనికుడి ఒక రోజు తిండి) 10 పౌండ్ల బియ్యం లేదా హామినీ అనే మొక్కజొన్న గింజలు, 15 పౌండ్ల చిక్కుడు గింజలు లేదా బఠానీ, 10 పౌండ్ల పచ్చి కాఫీ గింజలు. మాంసం బదులు వీటితో, ఉల్లిపాయ, బంగాళదుంపలతో రెండు రోజులు నెట్టుకురావచ్చు. చింతపండు పులిహోర తెచ్చుకుంటే మాత్రం జనం వెళ్లిపోయాక, చీకట్లో. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బా పగటిపూట బయట కనిపించకూడదు. రాత్రయ్యాక దాని చుట్టూ మొత్తం కంపెనీ, అంటే మీ దళమంతా, చేరడం వేరే సంగతి.

హార్డ్‌టాక్ మాత్రం తప్పక చేసి తీసుకెళ్లండి. సైనికుడి సంచిలో ఎప్పుడూ ఉండే గట్టి బిస్కెట్టు ఇది. నాలుగు కప్పుల మైదా, సుమారు ఒక కప్పు నీళ్లు, కాస్త ఉప్పు. గట్టిగా పిసికి, అర అంగుళం మందంలో ఒత్తి, మూడు అంగుళాల చదరాలుగా కోయండి. ఒక్కోదానికి నాలుగు వరసల్లో నాలుగేసి చిల్లులు పెట్టి, 375 ఫారన్‌హీట్ వేడిలో రెండు వైపులా అరగంట చొప్పున కాల్చి, ఓవెన్ ఆపాక అందులోనే ఆరనివ్వాలి. నెలల తరబడి పాడవదు. కొరికితే పన్ను విరుగుతుంది. ఆనాటి వాళ్లు చేసినట్టు కాఫీలో నానబెట్టండి, లేదా తుపాకీ మడమతో పొడి కొట్టి కొవ్వులో వేయించండి. పొడిని నేతిలో వేయిస్తే బాగుంటుంది, అయితే ఆధారాలు అడగకండి.

ఈ బిస్కెట్టుతో పిల్లలకు యుద్ధం గురించి చెప్పినంత సులువుగా ఇంకేదీ చెప్పలేరు. చేతికిచ్చి ‘ఇదే రోజూ అన్నం’ అంటే చాలు, ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

తుపాకీ లేని సగం: పౌర జీవితం

నా దృష్టిలో ఈ హాబీలో ఎక్కువ లోతున్నది, తక్కువమంది పట్టించుకునేది ఈ భాగం. మైదానం పక్కన గౌను వేసుకుని విసనకర్రతో కూర్చోవడమే ఆడవాళ్ల పని అన్నట్టు చాలా క్యాంపులు నడుస్తాయి. ఆనాటి ఆడవాళ్లు అలా కూర్చోలేదు. ఒక్కో కంపెనీకి నలుగురు చాకలి స్త్రీలను సైన్యం అధికారికంగా అనుమతించేది. సైనికులకు సాయం చేయడానికి 1861లో ఏర్పడిన శానిటరీ కమిషన్ కోసం ఊళ్లలోని స్త్రీలు పట్టీలు చుట్టారు, దుప్పట్లు కుట్టారు, నిధులు పోగుచేశారు. ఇళ్లు వదిలి బండి మీద సామానుతో పారిపోయిన కుటుంబాలున్నాయి. సబ్బునీళ్ల తొట్టి దగ్గర నిజంగా బట్టలుతికే మనిషి చుట్టూ చేరినంత జనం ఫిరంగి చుట్టూ కూడా చేరరు.

బట్టలు లోపలినుంచి బయటికి తయారుచేసుకోవాలి. షెమీజ్ అనే లోపలి చొక్కా, డ్రాయర్లు, నడుము బిగించే కార్సెట్, లంగాలు, ఆ పైన గౌను. కార్సెట్ తొడుక్కున్నాకే గౌనుకు కొలతలు తీసుకోవాలి. ముందే కుట్టించుకుంటే అది ఏ చోటా సరిపోదు. తీగ చట్రంతో ఉబ్బి ఉండే హూప్ స్కర్టు పొయ్యి దగ్గర ప్రాణాంతకం, ఆ రోజుల్లోనే ఎందరో కాలిపోయారు. పని చేసే ఇంప్రెషన్‌కు రెండు మూడు లంగాల మీద నూలు గౌను చాలు. మెడదాకా మూసే గౌను కాబట్టి పుస్తెలతాడు లోపలే ఉంటుంది, తీయాలా అన్న బెంగ అక్కరలేదు. ముక్కుపుడక, నెయిల్ పాలిష్ మాత్రం తీసేయండి.

మగవాళ్లకూ పౌర పాత్రలున్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు నేను గట్టిగా చెప్పేది టెలిగ్రాఫ్ ఆపరేటర్. ఉత్తరాది సైన్యానికి సందేశాలు పంపిన ఆపరేటర్లు చాలావరకు సైనికులు కారు, జీతానికి పనిచేసిన పౌరులు. మామూలు కోటు, వెయిస్ట్‌కోటు, టోపీ ఉంటే సరి. ఒక మోర్స్ కీ, కొంత తీగ, బ్యాటరీతో రెండు డేరాల మధ్య నిజంగా సందేశం పంపి చూపించవచ్చు. ఒకటే మెలిక. ఆనాడు అమెరికాలో వాడిన మోర్స్ కోడ్, తర్వాత ప్రపంచమంతా వాడిన మోర్స్ కోడ్ ఒకటి కావు, కాబట్టి పాతదే నేర్చుకోవాలి. వీసా సమస్య లేదు, తుపాకీ ఖర్చు లేదు, పిల్లలు కదలరు.

ఆధారాలు పోగుచేయడం

‘ఇది ఉండేదని నీకెలా తెలుసు?’ ఈ ప్రశ్న మీకు రోజూ ఎదురవుతుంది, సాధారణంగా పక్క డేరావాడి నుంచి. జవాబు ఫొటోలో, ఉత్తరంలో, మ్యూజియంలో మిగిలిన వస్తువులో ఉండాలి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ యుద్ధం ఫొటోలను చాలా స్పష్టమైన సైజులో ఉచితంగా ఇస్తోంది. ఒక ఫొటో తెరిచి పెద్దది చేసి మూలలు చూడండి. మధ్యలో జనరల్ ఉంటాడు, మూలన ఎవడో సిపాయి చొక్కా చేతులు మడిచి గిన్నె కడుగుతుంటాడు. మీకు కావలసినవాడు వాడే.

తర్వాత మీ రెజిమెంటులో నిజంగా ఉన్న ఒక మనిషిని ఎంచుకుని వెంటపడండి. నేషనల్ ఆర్కైవ్స్‌లో సైనికుల సర్వీసు రికార్డులు, పెన్షన్ ఫైళ్లు ఉన్నాయి. 1860 జనాభా లెక్కల్లో అతని ఇల్లు, వృత్తి, పక్కింటివాళ్లు దొరుకుతారు. అతను ఎప్పుడు జబ్బుపడ్డాడో, కోటు పోగొట్టుకున్నందుకు జీతంలో ఎంత కోశారో కూడా ఒక్కోసారి తెలుస్తుంది. ఇంత తెలిశాక మీరు డైలాగులు కనిపెట్టనక్కరలేదు.

జనంతో మాట్లాడటం

రెండు పద్ధతులున్నాయి. ‘నేను 1863లో ఉన్నాను’ అన్నట్టు ఉత్తమ పురుషలో మాట్లాడటం, లేదా ‘ఆనాటి సైనికులు ఇలా చేసేవాళ్లు’ అని వివరించడం. మొదటిది చూడ్డానికి బాగుంటుంది కానీ కష్టం, యాస దగ్గరే దొరికిపోతాం. మనవాళ్లకు రెండోదే హాయి.

బానిసత్వం గురించి ఎవరైనా అడిగితే తప్పుకోకండి. యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసమేనని క్యాంపుల్లో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. మిసిసిపీ రాష్ట్రం 1861 జనవరిలో విడిపోతూ ప్రకటించిన కారణాల్లో బానిసత్వమే మొదట ఉంది, దాపరికం లేకుండా రాసుకున్నారు. ఆ పత్రం ప్రతి ఒకటి సంచిలో పెట్టుకోండి, వాదన పొడుగు కాదు.

మిమ్మల్ని చూసి ‘ఇండియాకూ దీనికీ ఏం సంబంధం?’ అని అడిగేవాళ్లు తప్పక వస్తారు. సంబంధం పత్తి. ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను దిగ్బంధం చేయడంతో ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. వాళ్లు భారతదేశం వైపు తిరిగారు, ఇక్కడ పత్తి ధర ఒక్కసారిగా ఎగిసింది, యుద్ధం ముగియగానే పడిపోయింది. ఆ కొద్ది ఏళ్ల గిరాకీ మన కాకినాడ రేవు వ్యాపారాన్నీ పెంచింది. జార్జియా నుంచి వచ్చిన పెద్దాయనకు ఇది చెప్పి చూడండి, కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

ఇంటికి వచ్చాక

ఎంత అలసిపోయినా తుపాకీ ఆ రాత్రే కడగాలి. బ్లాక్ పౌడర్ మసి గాలిలోని తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. వేడినీళ్లు, సబ్బు, గుడ్డ, ఆరాక నూనె. ఉన్ని బట్టలను ఉతకకుండా గాలికి ఆరేసి బ్రష్ కొట్టండి. బూట్లను హీటర్ దగ్గర పెట్టకండి, తోలు పగులుతుంది. స్నానం చేసేటప్పుడు ఒళ్లంతా, పిల్లల తల వెంట్రుకల్లో సహా, టిక్ పురుగుల కోసం వెతకండి. వర్జీనియా, పెన్సిల్వేనియా గడ్డిలో లైమ్ జబ్బు అంటించే పురుగులు ఎక్కువ.

చేరాలనుకుంటే శీతాకాలమే మంచి సమయం. వసంతం నుంచి శరదృతువు దాకా కార్యక్రమాలతో అందరూ పరుగుల మీద ఉంటారు. జనవరి, ఫిబ్రవరిలో ఎవరో ఒకరి గ్యారేజీలో చేరి కుట్లు కుట్టుకుంటూ, తోలుకు నూనె పట్టిస్తూ, కొత్తవాళ్లకు డ్రిల్ నేర్పుతుంటారు. చేత్తో బట్టలు కుట్టే మంచి దర్జీలు ఆర్డరు తీసుకున్నాక నెలలు పట్టిస్తారు, కాబట్టి మే నెలకు కోటు కావాలంటే నవంబరులోనే కొలతలు ఇచ్చేయండి. సంక్రాంతికి పిండివంటలు తిన్న తర్వాత తీసిన కొలతలు పనికిరావు.